మొదటి క్లాసిక్ స్పోర్ట్స్ కారు: బ్రిటిష్ బండా, జర్మన్ బండా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మీరు ఇంగ్లండ్‌లో రీడింగ్‌లో ఉంటున్నారు. తాళం వేసుకునే గరాజ్ ఉంది, చేతిలో 45 వేల పౌండ్లున్నాయి. చిన్నప్పుడు ఏదో క్యాలెండర్‌లో చూసిన జాగ్వార్ ఇ-టైప్ మనసులో ఉండిపోయింది. ఆఫీసు స్నేహితులేమో "పాత పోర్షే 911 కొను, జర్మన్ బండి చెడదు" అంటున్నారు. ఆదివారాలు నడుపుకోవాలి, పదేళ్ల తర్వాత అమ్మినా డబ్బు పోకూడదు, వీలైతే ఎప్పటికైనా హైదరాబాద్ తీసుకెళ్లాలి.

ముందు జవాబు చెప్పేస్తాను. ఈ డబ్బుతో ఇ-టైప్ జోలికి వెళ్లకండి. పానాలు పట్టుకుని పని చేసుకోవడం ఇష్టమైతే క్రోమ్ బంపర్ ఎంజీబీ గానీ ట్రయంఫ్ టీఆర్ 6 గానీ (రెండూ పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లే) కొనుక్కుని, మిగిలిన డబ్బు బ్యాంకులో ఉంచుకోండి. చేతులకి నూనె అంటకూడదు, దూరాలు వెళ్లాలి అనుకుంటే 1978–83 మధ్య వచ్చిన 911 ఎస్‌సీ చూడండి. ఏది కొన్నా దేశాన్ని చూసి కొనకండి, బాడీ చూసి కొనండి. బ్రిటిష్ బండి నెలనెలా చిల్లర అడుగుతుంది. జర్మన్ బండి ఏళ్ల తరబడి నోరు మెదపదు, అడిగిన రోజు మూట విప్పమంటుంది. ఈ రెండింటిలో మీరు దేన్ని తట్టుకోగలరో చూసుకోండి.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ మేస్త్రీ. పని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. 2001లో ఇక్కడికొచ్చినప్పటి నుంచి కోవెంట్రీ చుట్టుపక్కల పాత కార్లు బాగుచేసే షెడ్లలోనే ఉన్నాను. రెండు దేశాల బండ్లూ నట్టు నట్టూ విప్పి మళ్లీ బిగించినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

అసలు ఈ తేడా ఎక్కడ మొదలైందో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బ్రిటన్‌కి డాలర్లు కావాలి. ఎగుమతి చేసే ఫ్యాక్టరీలకే ఉక్కు కోటా ముందు దక్కేది. అందుకని అక్కడి కంపెనీలు అమెరికాలో మామూలు ఉద్యోగస్తుడు కొనగలిగే ధరలో స్పోర్ట్స్ కార్లు చేశాయి. ధర తగ్గాలంటే ఇంట్లో ఉన్న సరుకుతోనే వంట చేయాలి. ఎంజీబీలో ఉన్న 1798 సీసీ బి-సిరీస్ ఇంజిన్ అదే సంస్థ కుటుంబాల కోసం చేసిన సెడాన్లలో తిరిగిన వంశంలోదే. జాగ్వార్ వాళ్ల ఎక్స్‌కే ఇంజిన్ 1948లో ఎక్స్‌కే 120తో వచ్చి, వాళ్ల పెద్ద సెడాన్లన్నిటిలోనూ ఏళ్ల తరబడి నడిచింది. 1961 మార్చిలో జెనీవా షోలో ఇ-టైప్ కనబడినప్పుడు దాని ధర సుమారు 2,100 పౌండ్లు. ఆ రోజుల్లో ఆస్టన్ మార్టిన్ డీబీ4 దాదాపు 4 వేలు. అంత అందాన్ని సగం ధరకి ఇవ్వాలంటే ఎక్కడో ఒకచోట ఆదా చేయక తప్పదు. ఆ ఆదా జరిగింది బాడీలో. పల్చటి రేకుని పెట్టెల్లా మడిచి అతికించారు, లోపలి వైపు రంగు సరిగ్గా చేరలేదు. ఆ మీద ఇంగ్లండ్ చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు. 1961లో కొన్నవాడికి మిగిలిన ఆ డబ్బు, ఈ రోజు బాగుచేయించేవాడు వడ్డీతో కడుతున్నాడు.

పోర్షే కథ వేరు. తక్కువ చేశారు, ఎక్కువ ధరకి అమ్మారు, ఒకే కారుని పట్టుకుని ఏళ్లకేళ్లు సాన పెట్టారు. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ షోలో 901 అన్న పేరుతో చూపించారు. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవని ఫ్రెంచ్ కంపెనీ పెజో అభ్యంతరం చెబితే 911 అయింది. అప్పటి ఆ రూపమే 1989 దాకా పెద్దగా మారకుండా వచ్చింది. మీకు ముఖ్యమైన సంగతి ఒకటుంది: 1976 మోడల్ నుంచి 911 బాడీ అంతా జింకు పూత పూసిన రేకుతో చేశారు. నేను ఎస్‌సీ చూడమనడానికి సగం కారణం అదే. అంతకు ముందు 911లు తుప్పు విషయంలో ఏ బ్రిటిష్ కారుకీ తీసిపోవు. "జర్మన్ కదా, తుప్పు పట్టదు" అనుకుని 1972 కారు కొన్నవాళ్లు మా షెడ్డుకొచ్చి తల పట్టుకున్నారు. జింకు పూత ఉన్నదైనా, యాక్సిడెంటై కోసి అతికిన చోట ఆ పూత ఉండదు. తలుపు మూసే గొళ్లెం కింద, వెనక చక్రం ముందు మూల, హెడ్‌లైట్ గిన్నెల చుట్టూ, బ్యాటరీ కింద తప్పకుండా చూడాలి.

ఇప్పుడు ఇ-టైప్ సంగతి. దాన్ని గౌరవించే వద్దంటున్నాను. మాల్కమ్ సేయర్ గీసిన ఆ రూపం దగ్గర నిలబడితే ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు పని మీద చెయ్యి ఆగిపోతుంది. కానీ ఆ పొడుగు ముక్కు ఉంది చూశారూ, ముందు మడ్‌గార్డులతో సహా అదంతా ఒకే బానెట్. పైకెత్తితే ముందున్న కారంతా లేచొస్తుంది. దాని కింద ఇంజిన్‌ని మోసేది సన్నటి గొట్టాల ఫ్రేమ్. ఆ గొట్టాలు లోపల్నించి తుప్పు తింటాయి, పైకి రంగు మెరుస్తూనే ఉంటుంది. గొట్టాన్ని చిన్న పానాతో తడుతూ పోతే బాగున్న చోట ఖంగుమంటుంది, తిన్న చోట గొంతు పడిపోతుంది. వెనక డిస్క్ బ్రేకులు చక్రాల దగ్గర ఉండవు, డిఫరెన్షియల్‌కి, అంటే వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల డబ్బాకి, రెండు పక్కలా లోపల ఉంటాయి. డిస్కులు మార్చాలంటే వెనక యాక్సిల్ మొత్తం దాని ఫ్రేమ్‌తో సహా కిందికి దించడమే మేలైన దారి. మామూలు కారులో ఒక పూట పని, ఇక్కడ రోజులు పడుతుంది.

మీ 45 వేలకి దొరికేది ఎక్కువగా సిరీస్ 2 లేదా వి12 టూ ప్లస్ టూ (వెనక రెండు చిన్న సీట్లున్నది), అదీ అమెరికా నుంచి తిరిగొచ్చిన ఎడమ స్టీరింగ్ బండి, పని మిగిలి ఉన్నది. మొదటి సిరీస్ కార్లు మీ బడ్జెట్‌కి బాగా పైన ఉన్నాయి. బాడీ మొదలుకొని పూర్తిగా బాగుచేయిస్తే లక్ష పౌండ్లు దాటడం మా దగ్గర మామూలు. చవగ్గా దొరికిన ఇ-టైప్ అంత ఖరీదైన కారు ఇంకోటి లేదు. నిజంగా అదే కావాలంటే ఇంకో నాలుగేళ్లు కూడబెట్టి, ఎవరో బాగుచేయించి నష్టానికి అమ్ముకుంటున్న కారు కొనండి. ఏళ్ల తరబడి పెరిగిన వాటి ధర ఈ మధ్య కొంచెం మెత్తబడింది. దాన్ని ప్రేమించి పెరిగిన తరం వయసు మీద పడి అమ్మేస్తోంది. మీకు తొందర అక్కర్లేదు.

ఎంజీబీ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే జనం దాన్ని చిన్నచూపు చూస్తారు. 1962 నుంచి 1980 దాకా అబింగ్డన్‌లో 5 లక్షలకు పైగా తయారయ్యాయి. అన్ని ఉన్నాయి కాబట్టి విపరీతంగా ధర పెరగదు, అదీ నిజమే. కానీ అన్ని ఉన్నాయి కాబట్టే ప్రతి బోల్టూ దొరుకుతుంది. రాత్రి ఆర్డర్ పెడితే ఎల్లుండికి గుమ్మంలో ఉంటుంది. 1988 నుంచి బ్రిటిష్ మోటర్ హెరిటేజ్ వాళ్లు కొత్త బాడీషెల్లే తయారు చేస్తున్నారు. పాత మూసలతో కొత్త ఒళ్లు దొరికే కారు ఇంకెన్ని ఉన్నాయో ఆలోచించండి. ఇంజిన్ పూర్తిగా బాగుచేయించినా మూడు నాలుగు వేల పౌండ్లలో అయిపోతుంది. 1974 చివరి నుంచి అమెరికా నిబంధనల కోసం నల్ల రబ్బరు బంపర్లు తగిలించి, బండి ఎత్తు పెంచారు. కలెక్టర్లకి కావాల్సింది దానికి ముందున్న క్రోమ్ బంపర్ కార్లు. ఓవర్‌డ్రైవ్, అంటే స్విచ్‌తో పడే అదనపు పై గేరు, ఉన్నది తీసుకోండి. హైవే మీద ఆ స్విచ్ వేయగానే ఇంజిన్ ఊపిరి పీల్చుకున్నట్టు నెమ్మదిస్తుంది, మీ చెవులు కూడా.

నా సొంత అనుభవం ఒకటి. 2009లో కెంట్‌లో ఒకాయన దగ్గర 1971 ఎంజీబీ కొన్నాను. రంగు అద్దంలా ఉంది. సాయంత్రం పూట చూశాను, వాన పడుతోంది, తొందర పడ్డాను. ఇంటికి తెచ్చాక తలుపు కింద పొడుగునా ఉండే సిల్ మీద వేలి కణుపుతో తట్టాను. మా నాన్న నేర్పిన మొదటి పాఠం అది: రేకు మోగుతుంది, లప్పం మోగదు. మోగలేదు. గోకితే అర అంగుళం లప్పం, దాని వెనక వైరు జాలీ, దాని వెనక ఉండలు చుట్టి కుక్కిన వార్తాపత్రికలు. తడిసి, ముద్దయి, తుప్పు రంగు ఎక్కి ఉన్నాయి. ఎంజీబీకి వేరే చాసిస్ లేదు, ఆ సిల్సే వెన్నెముక. అంటే నేను కాగితం వెన్నెముకతో ఉన్న బండిని కెంట్ నుంచి కోవెంట్రీ దాకా మోటర్‌వే మీద నడుపుకుంటూ వచ్చాను. మూడు పొరలుగా ఉండే సిల్స్ రెండు వైపులా కోసి మళ్లీ వేయడానికి నాలుగు నెలల ఆదివారాలు పట్టింది. కూలి నాదే కాబట్టి సరిపోయింది, మీకైతే కారు ధరలో సగం బిల్లు వచ్చేది.

అందుకే ఎంజీబీ చూడ్డానికి వెళ్తే ఈ పరీక్ష తప్పకుండా చేయండి. జాకీ పెట్టే ముందు తలుపు తెరిచి మూయండి. పక్క జాకీ పాయింట్ దగ్గర పైకి లేపాక అదే తలుపు మళ్లీ తెరిచి మూయండి. లేపాక తలుపు పట్టేసినా, పైన సందు బిగుసుకుపోయినా, బండి నడుములో వంగుతోందని అర్థం. అమ్మేవాడు జాకీ పెట్టనివ్వకపోతే అక్కడ్నుంచి వచ్చేయండి. పల్చటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకెళ్లండి. చక్రాల వంపుల చుట్టూ, ముందు మడ్‌గార్డు వెనక కింది మూలల్లో ఆనించి చూడండి. పట్టుకోని చోట రేకు లేదు.

టీఆర్ 6 మీద రెండు ముక్కలు. దానికి విడిగా చాసిస్ ఉంది కాబట్టి బాడీ పని తేలిక, కానీ డిఫరెన్షియల్ బిగించే చోట చాసిస్ బీటలిస్తుంది, అది చూడాలి. ఇంగ్లండ్‌లో అమ్మిన కార్లకి పెట్రోల్ ఇంజెక్షన్, అమెరికా కార్లకి కార్బొరేటర్లు. మొదట్లో వచ్చిన ఇంజెక్షన్ బండి 150 హార్స్‌పవర్‌తో బాగా లాగుతుంది, దాన్ని సర్దడం తెలిసిన మెకానిక్ దగ్గర్లో ఉంటేనే తీసుకోండి. లోటస్ ఎలాన్ నడిపితే జీవితాంతం గుర్తుంటుంది, మొదటి కారుగా మాత్రం వద్దు. మెర్సిడెస్ పగోడా, అంటే 1963–71 నాటి 230, 250, 280 ఎస్ఎల్, చాలా నెమ్మదైన, నాణ్యమైన బండి. మంచిది మీ బడ్జెట్‌లో దొరకదు, మీ బడ్జెట్‌లో దొరికేది మంచిది కాదు.

ఇక ఎస్‌సీ. 3 లీటర్ల ఇంజిన్, మొదట్లో 180, చివరికి 204 హార్స్‌పవర్. అంతకు ముందు 2.7 లీటర్ల ఇంజిన్లకి మెగ్నీషియం కేసు (ఇంజిన్ బయటి పెంకు), వేడికి హెడ్ స్టడ్లు, అంటే ఇంజిన్ పై భాగాన్ని కేసుకి బిగించే పొడుగు బోల్టులు, ఊడివచ్చే ఇబ్బంది ఉండేది. ఎస్‌సీలో కేసు అల్యూమినియంకి మారింది. రోజూ ఆఫీసుకి వెళ్లినా కిమ్మనకుండా తిరుగుతుంది. అయితే మూడు విషయాలు అడగండి: ఇంజిన్ చైన్లని బిగువుగా ఉంచే టెన్షనర్లు ఎస్‌సీ తర్వాతి 911 అయిన 1984 కరేరాలో వచ్చిన ఆయిల్ ప్రెజర్ రకానికి మార్చారా, ఇంజిన్‌కి గాలి వెళ్లే ఎయిర్‌బాక్స్ పగలకుండా పాప్-ఆఫ్ వాల్వు పెట్టారా, సెకండ్ గేర్ చల్లగా ఉన్నప్పుడు కిర్రుమంటోందా. గేరు కిర్రుమంటే గేర్‌బాక్స్ విప్పాలి, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.

"అడిగిన రోజు మూట" అన్నాను కదా, దానికి ఉదాహరణ. లెస్టర్‌లో ఉండే మన తెలుగు డాక్టర్‌గారు ఒకాయన కొన్నేళ్ల కిందట ఎర్ర ఎస్‌సీ కొని, సర్వీసుకని తెచ్చారు. నిజంగా ముచ్చటగా ఉంది. ఫైల్లో రసీదులు తిరగేస్తే మధ్యలో ఏడేళ్లు ఖాళీ. అన్నేళ్లూ బండి తడి షెడ్డులో కదలకుండా ఉందని తర్వాత తెలిసింది. వాల్వులు సర్దుదామని కింది కవర్ తీశాను. స్టడ్డు తల ఒకటి నట్టుతో సహా నా అరచేతిలో పడింది. పక్కదాన్ని వేలితో తాకితే అదీ కదిలింది. హెడ్లని పట్టి ఉంచే స్టడ్లు తడికి తుప్పు తిని తెగిపోయాయి. ఇక ఇంజిన్ దించక తప్పలేదు. దించాక గైడ్లు, రింగులు, చైన్లు అన్నీ వరుసలో నిలబడ్డాయి. బిల్లు 17 వేల పౌండ్లు దాటింది. అది ఆయనకి చెప్పడానికి ఫోన్ చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. కొనే ముందు తెలిసిన మెకానిక్‌తో రెండు గంటలు చూపించి ఉంటే కింది కవర్ తీసినప్పుడే తేలిపోయేది. 911 కొనేటప్పుడు రంగుకి కాదు, రసీదుల ఫైలుకి డబ్బు పెట్టండి.

ఇంకో చిన్న జాగ్రత్త, కొత్తగా కొన్న ప్రతివాళ్లకీ చెప్తాను. 911 ఆయిల్ చల్లటి ఇంజిన్ మీద చూడకూడదు. బాగా వేడెక్కాక, సమంగా ఉన్న చోట, ఇంజిన్ నడుస్తుండగానే డిప్‌స్టిక్ తీసి చూడాలి. ఆయిల్ విడిగా ట్యాంకులో ఉంటుంది కాబట్టి, చల్లగా ఉన్నప్పుడు చూసి "ఆయిల్ లేదు" అని కంగారుపడి రెండు లీటర్లు పోసేస్తారు. తర్వాత పొగ వచ్చిందని పరిగెత్తుకొస్తారు.

డబ్బు నిలబడుతుందా అన్నారు. కలెక్టర్ల బజారులో ధర నిలిపేవి కాగితాలు, అసలుతనం. ఇంజిన్ నెంబరు, చాసిస్ నెంబరు ఫ్యాక్టరీ రికార్డుతో సరిపోవాలి. ఎంజీ రికార్డులు గేడన్‌లోని బ్రిటిష్ మోటర్ మ్యూజియంలో ఉన్నాయి, హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తారు. జాగ్వార్ కార్లకి జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్ట్ ఇస్తుంది. రంగు మార్చిన కారు, సన్‌రూఫ్ కోసిన కారు, ఎస్‌సీ తోకకి టర్బో రెక్క తగిలించిన కారు అమ్మేటప్పుడు వెనకబడతాయి. నా అంచనా ఏమిటంటే పదేళ్లలో మంచి ఎస్‌సీ దాని విలువ నిలుపుకుంటుంది, పెరగనూవచ్చు. ఎంజీబీ పెరగదు, కానీ పెట్టింది తక్కువ కాబట్టి పోయేదీ తక్కువే. లాభం కోసమే అయితే ఈ పని వద్దు. ఒక్కటి మాత్రం మీకు అనుకూలం: బ్రిటన్‌లో సొంత కారు అమ్మితే వచ్చిన లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ ట్యాక్స్ లేదు.

నడిపే ఖర్చు గురించి త్వరగా చెప్పేస్తాను. కారు 40 ఏళ్లు దాటితే హిస్టారిక్ కింద నమోదు చేయించుకోవచ్చు, రోడ్ ట్యాక్స్ ఉండదు, పొగ ఎక్కువ వదిలే కార్ల మీద లండన్‌లో వేసే యూలెజ్ రుసుమూ ఉండదు. పెద్ద మార్పులు చేయని కారైతే ఎంఓటీ (ఏటా చేసే ఫిట్‌నెస్ తనిఖీ) కూడా తప్పనిసరి కాదు. అయినా ఏటా చేయించండి. గరిష్ఠ రుసుము 54 పౌండ్ల 85 పెన్నీలు, బ్రేకులు మరో మనిషి కళ్లతో చూసినందుకు అది చాలా చవక. ఇన్సూరెన్స్ "అగ్రీడ్ వాల్యూ" పద్ధతిలోనే, అంటే కారు విలువ ముందే ఒప్పుకుని, తీసుకోండి, లేకపోతే ప్రమాదమైన రోజు పాత కారు లెక్క కట్టి చేతిలో చిల్లర పెడతారు. 2021 సెప్టెంబర్ నుంచి మామూలు పెట్రోల్ ఇ10 (పది శాతం దాకా ఇథనాల్ కలిపింది) అయింది, అది పాత రబ్బరు పైపుల్ని తినేస్తుంది. ఇథనాల్ తక్కువుండే సూపర్ ఇ5 పోయించండి, పైపులు కొత్త రకానికి మార్పించండి. ఎంజీబీ హెడ్ పోత ఇనుముది కాబట్టి, సీసం లేని పెట్రోల్‌కి తగ్గట్టు గట్టి వాల్వ్ సీట్లు వేశారా అని అడగండి. జాగ్వార్, పోర్షేల హెడ్లు అల్యూమినియంవి, వాటిలో మొదటి నుంచీ విడి సీట్లే ఉంటాయి.

చివరికి హైదరాబాద్. మొన్న 2025 దాకా మన దేశంలోకి 1950కి ముందు తయారైన కార్లనే వింటేజ్ కింద తేలిగ్గా రానిచ్చేవారు. ఇప్పుడు 50 ఏళ్లు నిండిన కార్లకి ఆ వెసులుబాటు వచ్చింది. ఈ లెక్కన 1971 ఎంజీబీ ఇప్పటికే అర్హమైనది, 1980 ఎస్‌సీ ఇంకా కొన్నేళ్లు ఆగాలి. సుంకాలన్నీ కలిపితే కారు ధరకి మించిపోతాయి. అక్కడ వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి 20 వేల రూపాయలు, నెంబర్ ప్లేట్ మీద "వీఏ" అక్షరాలు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ తప్ప రోజువారీ తిరగడానికి అనుమతి లేదు. ఆ ఆలోచన గట్టిగా ఉంటే కుడి స్టీరింగ్ కారే కొనండి. రబ్బరు బంపర్ రాకముందు ఎంజీబీ అన్నిటికంటే సుఖం. హెడ్ గాస్కెట్ పోయినా ఆటోనగర్‌లో ఏ మేస్త్రీ అయినా బొమ్మ చూసి విప్పగలిగే ఇంజిన్ అది. 911 ఇంజిన్ అలా కాదు.

ఏదైనా బండి నచ్చితే డబ్బు కట్టే ముందు నాలుగు ఫోటోలు ఇక్కడ పెట్టండి: రెండు వైపులా సిల్స్ కింద నుంచి, తలుపు తెరిచి గొళ్లెం కింది మూల, ఇంజిన్ మీద నెంబరు, రసీదుల్లో అన్నిటికంటే పాతది. పగటి వెలుతురులో, తడి లేనప్పుడు తీయండి. సాయంత్రం పని అయ్యాక చూసి చెప్తాను.